సాయంత్రం దాకా కోపం తెచ్చుకోకూడదట!

ఆ రోజుల్లో తత్వశాస్త్రం చదివినవాడికి మా చెన్నూరు పక్క పల్లెల్లో ఉన్న విలువ తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. దేన్నయినా ముందు అనుమానించాలి, మాటకు అర్థం తేల్చాలి, ఆ తర్వాతే వాదించాలి అని నేర్చుకుని హైదరాబాదు నుంచి బి.ఏ. ముగించుకొస్తే, మా మేనమామ ఏక్‌తార పక్కన పెట్టి, "తత్వాలా? గవి మేము దినాం పాడుతనే ఉన్నం గదా అల్లుడా, దానికి పట్నం పోవుడెందుకు?" అన్నాడు. పాడటమట! నిర్వచనం లేదు, నిరూపణ లేదు, తాళం తప్పకపోతే సత్యం దొరికినట్టేనట!

ఎం.ఏ.కు పంపమని బాపు వెంట పడుతున్న రోజులవి. బాపు తీర్పు మామకు వదిలేశాడు. (ఇంతకన్నా అన్యాయం ఉంటుందా?) ప్రశ్నలడుగుతాడని నేను నోటుబుక్కులన్నీ తిరగేసి కూర్చుంటే, మామ, "రేపు పొద్దుగాల్నుంచి గొడ్లు ఇంటికి మల్లేదాక కోపం తెచ్చుకోకు. మా కాడ గిదే చదువు. అట్ల ఉంటే పట్నం పో, లేకుంటే నాగలి వట్టు" అన్నాడు. "ఇదేం పద్ధతి మామా!" అని అరిచాను. "ఇయ్యాల ఎంతన్న ఒర్రు, ఫికర్ లే. రేపటి సంది లెక్క" అన్నాడు తాపీగా.

మర్నాడు ఊరంతా నా మీదే పడింది. అవ్వ చాయ్‌లో చక్కెరకు బదులు ఉప్పేసింది (పొరపాటేనని చివరిదాకా అంది). తాగాను. "నీ చదువుతోని బర్రె పాలిస్తదా?" అని పక్కింటాయన అడిగితే నవ్వాను, పళ్లు కొరుకుతూనే అనుకోండి. పొద్దు వాలింది. ఊరి చివర దుమ్ము లేచింది, గొడ్ల మెడల్లో గంటలు వినబడ్డాయి. నేను పట్నం చేరిపోయినట్టే అనిపించింది. అప్పుడు మామ నా భుజం మీద చెయ్యేసి, ఎంతో ప్రేమగా నవ్వుతూ, "గెలిసినట్టే పో అల్లుడా. ఎట్ల చూసినా నీ చదువు, మా పాట, రెండూ ఒక్కటే గదా" అన్నాడు.

"ఒక్కటెట్లయితయ్?" అని ఎగిరి లేచాను. వాదించి తేల్చుకోవడం వేరు, బతికి తెలుసుకోవడం వేరు, రెంటినీ ఒకే గంపలో ఎట్లా వేస్తావని గొంతు చించుకుంటుండగా, గొడ్లు మా పక్కనుంచే కొట్టంలోకి వెళ్లిపోయాయి.

"అయిపాయె, ఓడిండు" అన్నాడు బాపు. నా కళ్లల్లో నీళ్లు తిరిగాయి. మామే అడ్డమొచ్చాడు. "ఆగు బావా. ఉప్పు చాయ్ తాగి ఊకున్నోడు, చదువును ఒక్క మాటంటే ఊకోలే. పానమంత అండ్లనే ఉన్నది. పంపు."

మామ పోయి చాలా కాలమైంది. పాఠాలు చెప్పీ చెప్పీ నేనూ రిటైరయ్యాను. ఇప్పటికీ అప్పుడప్పుడు ఆయన పెట్టిన పరీక్షకు ఒక్కణ్నే కూర్చుంటాను, పాసయిన రోజు ఒక్కటీ లేదు. మొన్న బాగానే నెట్టుకొచ్చాను. సాయంత్రం చాయ్ ఇస్తూ మనవరాలు, "అన్ని తత్వాలూ చివరికి ఒకటే కదా తాతా?" అంది. లేచి నిలబడి, వేలెత్తాక గానీ మామ నవ్వు గుర్తు రాలేదు.