మెయిలు తగవులో త్రాసు మామయ్య

త్రాసు మామయ్య ఏ విషయమూ తేల్చడు. తేల్చలేకా, తేల్చడం ఇష్టం లేకా అన్నది కూడా ఇంతవరకూ తేలలేదు.

తూనికల శాఖలో ఉద్యోగం చేసినన్నాళ్లూ ఊళ్లోవాళ్ల త్రాసులన్నీ సరిచేశాడు గానీ, ఆయన బుర్రలో ముల్లు మాత్రం ఎప్పుడూ నడిమధ్యనే నిలబడేది. ఆయన్ని "కాఫీయా, టీయా?" అని అడగడమంటే హింసించడమే. "కాఫీ అయితే బాగానే ఉంటుంది. అలాగని టీ ఏం పాపం చేసింది?" అంటూ కూర్చునేవాడు. తెలిసినవాళ్లు మంచినీళ్లిచ్చి ఊరుకునేవారు. చల్లటివా, మామూలువా అని మాత్రం పొరపాటున కూడా అడిగేవారు కారు.

అలాంటి మనిషిని తీర్పు చెప్పమని పిలిచింది మేనకోడలు. ఆ కబురు వినగానే ఫొటో ఫ్రేముల కొట్టు నడిపే ఆమె భర్త నెత్తి పట్టుకున్నాడు.

తగవు చిన్నదే. కొట్టుకు ఉన్నది ఒకటే మెయిలు అడ్రసు. ఆర్డర్లన్నీ దానికే వస్తాయి. ముందు గదిలో కౌంటరు దగ్గర కూర్చునే భర్త వాటిని వెబ్‌మెయిల్లో చూస్తాడు. వెనక గదిలో ఫ్రేములు బిగించే భార్యకు అది గిట్టదు. నెట్ పోతే పాత ఆర్డరు కూడా కనబడి చావదని తన కంప్యూటర్లో మెయిలు ప్రోగ్రామొకటి వేయించుకుంది. "నాకు చెప్పకుండానా?" అన్నాడాయన. "చెప్తే ఒప్పుకునేవారా?" అందావిడ. మాటా మాటా పెరిగి, చివరికి మాటలే లేకుండా పోయాయి. రెండు గదుల మధ్య గుమ్మానికి తెర కూడా పడింది.

ఆయన అసలు దిగులు వేరే ఉంది. సరిగ్గా ఆ రోజు నుంచే ఆర్డర్లు ఆగిపోయాయి. పొద్దున్నే మెయిలు తెరిస్తే ఖాళీ. భోజనం చేసొచ్చి తెరిస్తే ఖాళీ. తెర వెనక నుంచి మాత్రం సుత్తి చప్పుడు ఠకఠకా వినిపిస్తూనే ఉండేది. 'పని లేక, నా మీద కోపం మేకుల మీద తీర్చుకుంటోంది' అనుకునేవాడు పాపం. కొట్టు ఇక నడవదని ఖాయం చేసుకున్నాడు. పక్కన చెప్పుల కొట్టతను ఈ గది కూడా తనకు అమ్మమని ఎప్పటినుంచో అడుగుతున్నాడు. శనివారం అడ్వాన్సు పట్టుకు రమ్మని అతనికి చెప్పేశాడు. ఈ సంగతి భార్యకు చెప్పాలంటే ముందు మాట్లాడాలి కదా. మామయ్య రాగానే ఆయన చెవిన మాత్రం వేశాడు.

"మీ మేనకోడలికి చెప్పకండి మామయ్యగారూ."

"చెప్పమంటావా, వద్దంటావా?"

"వద్దంటున్నాను."

"సరే, ఆలోచిద్దాం" అని మామయ్య వెబ్‌మెయిలు చూశాడు. తెర తీసుకుని లోపలికెళ్లి ప్రోగ్రామూ చూశాడు. చాలాసేపు చూసి ముందు గదిలోకి వచ్చాడు.

"ఇది ఎక్కడ కూర్చున్నా తెరుచుకోవచ్చు. మంచిదే. అలాగని అది నెట్ లేకపోయినా పలుకుతుంది. అదీ మంచిదే."

"మరి ఏది ఉంచమంటారు?" అన్నాడు భర్త.

"రేపు చెప్తాను."

రేపొచ్చింది. మామయ్య కూడా వచ్చాడు. తీర్పు రాలేదు.

"ఆ ప్రోగ్రాంలో అక్షరాలు పెద్దవి చేసుకోవచ్చేమో కనుక్కుని రావోయ్."

"మీరే అడగండి."

"మోకాళ్ల నొప్పి."

చేసేది లేక ఆయన తెర బయట నిలబడి గోడను అడిగినట్టు అడిగాడు. "అక్షరాలు పెద్దవవుతాయా?"

"అవుతాయి" అంది ఆవిడ, మేకుకు చెప్పినట్టు.

"అవుతాయట."

"ఎంత పెద్దవి?"

ఇలా ఆయన్ని అటూ, ఆవిణ్ణి తెర దాకా ఇటూ తిప్పి చంపాడు. శుక్రవారానికి మొగుడూ పెళ్లాలకు ఒక్క విషయంలో రాజీ కుదిరింది. మామయ్యను భరించలేమని.

"మీ మామయ్య చిన్నప్పట్నుంచీ ఇంతేనా?" అన్నాడాయన తెర ఇవతల నుంచి.

"పాపిడి ఎటు తియ్యాలో తేలక తలే దువ్వుకునేవాడు కాదట."

తెరకు అటూ ఇటూ ఇద్దరూ నవ్వారు. నవ్వాక ఆయనకు ఇంకా బాధేసింది. ఈవిడకు చెప్పకుండా కొట్టు అమ్ముకోవడమా అనిపించింది.

శనివారం మధ్యాహ్నమైనా చెప్పుల కొట్టతను రాలేదు. ఇక ఉండబట్టలేక ఆయన తెర తీసుకుని లోపలికెళ్లాడు.

"కొట్టు ఇచ్చేస్తున్నాను. ఆర్డర్లు లేవు."

ఆవిడ జిగురు చేతులతో అలాగే లేచి నిలబడింది. "ఆర్డర్లు లేవా? ఇక్కడ ఊపిరాడక చస్తుంటే! మీరేమో అక్కడ కాలు మీద కాలేసుకు కూర్చున్నారని రోజూ తిట్టుకుంటున్నాను."

అప్పుడు చూశాడాయన గదిని. గోడల పొడవునా కట్టిపెట్టిన ఫ్రేములే. సగం నిన్ననే వెనక గుమ్మంలోంచి వ్యానెక్కాయట. కంప్యూటర్లో ఆర్డర్లు బారులు తీరి ఉన్నాయి. "ఇవన్నీ ఇక్కడికెలా వచ్చాయి?"

మామయ్య లోపలికొచ్చి మౌసు అందుకున్నాడు. "ఈ ప్రోగ్రాం తెరిచినప్పుడల్లా వచ్చిన మెయిళ్లన్నీ ఊడ్చి ఇక్కడ పోసుకుంటోంది. అక్కడ కూడా ఒక కాపీ ఉంచమని ఇదిగో, ఇక్కడ టిక్కు పెడితే సరి. ఎవరిది వాళ్లు వాడుకోండి."

ఆ నోట అంత సూటి మాట ఎవరూ విని ఎరుగరు. ఇద్దరూ నోళ్లు తెరిచారు.

"ఎప్పుడు తెలిసింది మామయ్యా?"

"మొదటి రోజే. అక్కడ ఖాళీ, ఇక్కడ గుట్ట. ఇందులో తెలియడానికేముంది?"

"మరి చెప్పలేదేం?"

"ఆ రోజే చెప్పేస్తే మెయిలు బాగుపడేది. మీరు మాత్రం తెరకు చెరోవైపు కూర్చుని, జన్మంతా మాట్లాడుకోకుండా హాయిగా వ్యాపారం చేసుకునేవాళ్లు."

"ఈలోగా అతనొచ్చి అడ్వాన్సు ఇచ్చేసి ఉంటే?" అన్నాడు భర్త.

అంతలో చెప్పుల కొట్టతను రానే వచ్చాడు. జుట్టు రేగిపోయి ఉంది. చేతిలో ఒక నల్ల చెప్పు, ఒక గోధుమరంగు చెప్పు.

"నాకు మీ గదీ వద్దు, ఏమీ వద్దు. ఈ పెద్దాయన్ని ముందు తేల్చుకోమనండి బాబూ. వారమంతా మా కొట్లో ఉన్నవన్నీ తొడిగి చూశారు. పొద్దున ఒక్కో కాలికి ఒక్కో రంగుది వేసుకుని, ఇప్పుడే వస్తా, కదలకు అని వెళ్లిపోయారు. కొట్టు వదిలి రావడానికే భయమేసింది."

అందరూ మామయ్య కాళ్ల వైపు చూశారు. మామయ్య కూడా శ్రద్ధగా చూసుకున్నాడు.

"నలుపు బాగానే ఉంది. అలాగని..."

"రెండు జతలూ కట్టివ్వవయ్యా" అన్నారు మొగుడూ పెళ్లాలు, ఒక్క గొంతుతో.