పొగమంచు వీడియోలో నా గొంతు

నేను న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో నర్సును. రోగి చార్టులో చూసింది రాయడం, చూడనిది వదిలేయడం నాకు అలవాటు. ఇదీ అలాగే చెబుతున్నాను. ఒక్క మాట కలపలేదు. కలపాలన్నా... నాకే ఇంకా అర్థం కానిదానికి ఏం కలపను?

పోయిన జూలై. ఇక్కడ నడి చలికాలం. కిరణ్ మా ఆసుపత్రిలోనే ఫిజియోథెరపిస్టు. కాకినాడవాడు. నన్ను అక్కా అంటాడు. ఇద్దరికీ కయాకింగ్ పిచ్చి. కయాక్ అంటే ఒక్కరే కూర్చుని తెడ్డు వేసుకునే సన్నటి పడవ. దక్షిణాన సముద్రపు ఒడ్డు కొండల వెంట ఒక రోజంతా వెళ్లి వీడియో తీయాలని వాడి కోరిక. వాడు ముందు, నేను వెనక. నా పడవ ముక్కున చిన్న కెమెరా.

పగలంతా బాగానే గడిచింది. రాళ్ల మీద సీల్స్ మమ్మల్ని చూసి ఆవలించాయి. నాలుగింటికి కిరణ్ తిరిగి వెళ్దామన్నాడు. ఇంకో ముక్క తీద్దామని నేనే ఆపాను. తప్పు నాదే. ఐదు దాటితే చీకటి. చీకటితో పాటు సముద్రం మీద నుంచి పొగమంచు వచ్చింది. వచ్చింది అనడం కూడా సరికాదు... చూసేసరికి ఉంది.

"అక్కా, నా లైట్ చూస్తూ రా. మాట్లాడుతూ ఉండు," అన్నాడు కిరణ్.

వాడి లైఫ్ జాకెట్ వెనక చిన్న లైట్. దాన్నే చూస్తూ వెళ్లాను. ఒకసారి కళ్లజోడు తుడుచుకున్నాను. తలెత్తితే... లైట్ లేదు.

విజిల్ ఊదాను. జవాబు వచ్చింది. ఎటు నుంచో తెలియలేదు. మళ్లీ ఊదాను. ఈసారి ఏమీ లేదు. ఆటు మొదలైంది. నీళ్లు నన్ను బయటి సముద్రంలోకి లాగుతున్నాయని తెడ్డుకి తెలుస్తోంది. వేళ్లు మొద్దుబారిపోయాయి. ఎంత వేసినా, కొండకి అలలు కొట్టుకునే చప్పుడు దూరమవుతూనే ఉంది.

అప్పుడు విన్నాను.

చప్... చప్... చప్...

వెనక నుంచి. తెడ్డు చప్పుడు. తొందర లేదు.

"కిరణ్, నా వెనక్కెలా వచ్చావు?"

నేను తెడ్డు ఆపాను. అదీ ఆగింది. తెడ్డు అంచు నుంచి బొట్లు రాలడం కూడా వినిపించింది. నా తెడ్డు కాదు... నాది ఒళ్లో పెట్టుకుని ఉన్నాను.

కయాక్‌లో ఒళ్లంతా వెనక్కి తిప్పితే బోల్తా పడతాం. మెడ తిరిగినంత తిప్పాను. తెల్లగా మంచు. అంతే.

తర్వాత... పడవ తోక దగ్గర ఏదో తగిలింది. గుద్దినట్టు కాదు. ఒడ్డు నుంచి దించేటప్పుడు ఎవరైనా చెయ్యి వేసి తోస్తారు చూడండి, అలా. పడవ కదిలింది. ఆటుకి ఎదురుగా.

ఆపైన ఎంతసేపో తెలియదు. భయం కూడా వేసిన గుర్తు లేదు. మళ్లీ గుర్తున్నది, పడవ అడుగున గులకరాళ్లు గరగరమనడం. నడుము లోతు నీళ్లలో నిలబడి కిరణ్ నా పడవ పట్టుకున్నాడు. ఏడుస్తున్నాడు.

"ఒడ్డెక్కి వెతుకుతుంటే, నీ మాటలు వినబడే ఇటు పరిగెత్తానక్కా. ఎవరితో మాట్లాడుతున్నావు?"

"నేనేం మాట్లాడలేదే."

వాడు కార్లో హీటర్ పెట్టి, ఫ్లాస్కులో టీ తాగించాడు.

ఒళ్లు బాగా చల్లబడితే మనిషికి మతి కుదురు తప్పుతుందని మా వార్డు డాక్టరు చెప్పారు. నాకూ తెలిసిన సంగతే. ఆ మలుపులో నీళ్లు ఒక్కోసారి వెనక్కి సుడి తిరుగుతాయని, కయాక్‌లు అద్దెకిచ్చే ఇక్కడి పెద్దాయన అన్నాడు. సీల్ లాంటిదే ఇంకా పెద్ద జంతువు, సీ లయన్, వచ్చి ముట్టెతో తోసి ఉంటుందని కిరణ్ అన్నాడు. అన్నీ సరిపోతాయి.

వారం తర్వాత వీడియో చూశాం. బొమ్మ ఏమీ లేదు, మంచు. పదకొండు నిమిషాలు. అందులో నా గొంతు. వణుకు లేదు. ఇంటికొచ్చిన పెద్దవాళ్లతో మాట్లాడినట్టు నెమ్మదిగా...

"లేదండి, ఇద్దరమే వచ్చాం."

చప్... చప్...

"భీమవరం అండి."

చప్... చప్...

"అమ్మకి చెప్పలేదండి. కంగారు పడుతుంది."

మధ్యలో ఇంకే గొంతూ లేదు. ఆ చప్పుడు పడవకి నీళ్లు తగలడమేనని కిరణ్ అంటాడు. కావచ్చు. కానీ ఆ రోజు వాడే వీడియో ఆపి, చిన్నగా అడిగాడు.

"సీ లయన్‌ని అండి అంటామా అక్కా?"

నేను నవ్వలేదు. వాడూ నవ్వలేదు.

గులకరాళ్ల చప్పుడుకి కాస్త ముందు ఇంకో రెండు మాటలున్నాయి. మొదటిది, "మీరు ఒడ్డుకి రారా?" అని. తర్వాత చాలాసేపు ఏమీ లేదు. తెడ్డు చప్పుడు కూడా లేదు. అప్పుడు నేనే అంటాను...

"అయ్యో. ఎన్నాళ్ల నుంచి ఇక్కడున్నారండి?"

చలి వల్లే అయితే, నేను ఒక్కదాన్నే మాట్లాడాను. కాకపోతే... నాకెవరో జవాబు చెప్పారు. ఆడో మగో కూడా తెలియదు. ఎన్నాళ్లో చెప్పే ఉంటారు. నేనే మర్చిపోయాను.