నాపరాతి పొడి, పరీక్ష ఫికరు, నా చిగుళ్లు

పోలీసు చర్య అయిన రెండో ఏడు. ఒక ఉదయం తాండూరులో మా ఇంటి ముందు వేపపుల్లతో పళ్లు తోముకొని ఉమ్మితే నెత్తురు పడింది. పుల్ల గుచ్చుకుందనుకున్నాను. వారం తర్వాత జొన్నరొట్టె కొరికితే రొట్టె మీద ఎర్రటి మరక.

అప్పుడు నేను సర్కారు కచేరీలో గుమాస్తాను. చదివిందీ, రాసిందీ ఉర్దూలోనే. కాగితాలన్నీ ఇంగ్లీషులోకి మారుతున్నాయి, ఇంగ్లీషు పరీక్ష ప్యాసు కాకపోతే కొలువు ఉండదన్నారు. ఒకసారి రాసి తప్పాను. మళ్లీ తప్పుతానేమోనని ఒకటే ఫికరు.

చిగుళ్ల సంగతి తెలిసి సలహా చెప్పనివారు లేరు. ఉప్పు, బొగ్గు, లవంగం, పొగాకు! విని విని విసుగొచ్చింది. నాకు ఊళ్లో గ్రంథాలయం ఉంది కదా. ఇంగ్లీషు కోసం తెచ్చుకున్న ఆరోగ్య పుస్తకంలో, పళ్లపొడిలో సుద్ద ఉంటుందని చదివాను. సుద్ద సున్నపురాయి, మా ఊరి గనుల్లో తీసే నాపరాయీ సున్నపురాయే. బండలు నునుపు చేసేచోట పనిచేసే బావమరిదిని మెత్తటి పొడి తెమ్మన్నాను.

"బావా, గిది బండలు నున్నగ చేస్తే వచ్చిన పొడి. పండ్లకు పెడతవా?"

"పుస్తకం నువ్వు చదివినవా, నేను చదివిన్నా?"

నెలరోజులు రుద్దాను. చిగుళ్లు పుండ్లయ్యాయి. కింది ముందుపళ్లు రెండు కదిలాయి. ఊళ్లో డాక్టరు చూసి, "పయోరియా, చిగుళ్లల్ల చీము. పండ్లన్నీ పీకెయ్యాలె" అన్నాడు. నాకు ముప్పై నాలుగేళ్లు!

మర్నాడే నా భార్యతో రైలెక్కి వికారాబాద్ దవాఖానాకు పోయాను. అక్కడి డాక్టరుకు నాపరాతి పొడి శాస్త్రమంతా వివరించాను. ఆయన ఓపికగా విని, "పొడి బంద్ చెయ్యండ్రి. నిద్ర మంచిగ పడుతున్నదా?" అన్నాడు.

నేను నోరు తెరిచేలోపే నా భార్య అందుకుంది. "నిద్రేడిది సారూ! రాత్రంత పండ్లు కొరుకుతడు. ఇసుర్రాయి తిప్పినట్టే సప్పుడు. పొద్దున దవడ నొస్తున్నదని నా మీద లేస్తడు."

పరీక్ష సంగతి కూడా తనే చెప్పింది.

"ఇది జింజివైటిస్, చిగుళ్ల వాపు. పండ్లు పీకే పని లేదు. నిద్ర లేక, ఫికర్ ఎక్కువైతే ఒంట్ల తాకత్ తగ్గుతది, చిగుళ్లు తట్టుకోవు. జర ఫికర్ తగ్గించుకోండ్రి," అన్నాడు డాక్టరు.

నాకు ఒళ్లు మండింది. "ఫికరేమన్న లాంతరు వత్తా సార్, తగ్గించనీకె? పరీక్ష మీరు రాస్తరా?"

ఆయన నవ్వి పెన్సిలిన్ ఇంజెక్షన్లు రాశాడు. హైడ్రోజన్ పెరాక్సైడ్ నీళ్లలో కలిపి పుక్కిలించమన్నాడు. రెండు వారాల్లో పుండ్లు మానాయి.

మళ్లీ పరీక్ష దగ్గరపడింది, మళ్లీ నెత్తురు. ఈసారి పొడి లేదు, పుల్ల కూడా లేదు, మెత్తటి బ్రష్షే. అప్పుడు గానీ డాక్టరు మాట తలకెక్కలేదు. అన్నం తిన్నాక పుస్తకం ముట్టనని భార్యకు మాటిచ్చాను. మాట తప్పితే ఆమె పుస్తకం లాక్కొని బియ్యం డబ్బాలో దాచేది. ఆ పరీక్షా పోయింది. మూడోసారి గట్టెక్కాను.

ఇదంతా జరిగి పదేళ్లు దాటింది. కదిలిన రెండింటిలో ఒకటి రాలిపోయింది. మిగిలినవాటితో రొట్టె బాగానే నములుతున్నాను.

చిగుళ్ల నుంచి నెత్తురు వస్తే పుస్తకం వెతక్కుండా డాక్టరు దగ్గరికి పోండి. నోరు చూపించడంతో ఆగకండి. నిద్ర ఎంత పడుతుందో, మనసులో ఏం నలుగుతుందో ఆయన అడగకపోయినా చెప్పండి. మీ వల్ల కాకపోతే, చెప్పగలిగిన మనిషిని వెంట తీసుకెళ్లండి.