సమద్ జూ ఇంటికప్పు మీది మంచు

సమద్ జూ గొంతు ఎరగనివాళ్లు శ్రీనగర్‌లో మా వీధిలో లేరు. మసీదు మైకు ఆయనదే. పెళ్లిగానీ, చావుగానీ, తప్పిపోయిన మేకగానీ, ఆయన నోటి నుంచి వస్తేనే వార్త. చిల్లై కలాన్ అనే నలభై రోజుల చలి మొదలైందంటే ఆయనకిక ఊపిరి సలపదు. నదులు సన్నబడతాయి, వాటి వెనకే కరెంటూ సన్నబడుతుంది, జనమేమో హీటర్ల మీద హీటర్లు పెడతారు. ఏం చేస్తారు మరి, కుళాయిలో నీళ్లే గడ్డకట్టే చలాయె! ట్రాన్స్‌ఫార్మర్ మూలగడం మొదలుపెట్టగానే సమద్ జూ మైకు అందుకుంటాడు.

"అయ్యా, హీటర్లు ఆపండి! బాయిలర్లు ఆపండి! మన రాహతీ దేద్ ఊపిరి ఈ తీగ మీదే నడుస్తోంది. దేవుడికి భయపడండి!"

దేద్ ఆయన ఎదురింటి ముసలామె. ఊపిరితిత్తులు దెబ్బతిని, చలికాలమంతా కిటికీ పక్కన పరుపు మీద, ముక్కుకు ఆక్సిజన్ మిషను గొట్టం పెట్టుకుని పడి ఉంటుంది. తల్లి లేని సమద్ జూను పసితనంలో తన వదులైన ఉన్ని ఫెరన్‌లో దూర్చుకుని పెంచింది ఆవిడే. అంచేత ఆవిడ పేరు చెప్పేటప్పుడు ఆయన గొంతు నిజంగానే వణికేది. అది నటన కాదు. సిగ్గుచేటు కూడా అక్కడే ఉంది.

ఎందుకంటారా, ఆయన స్నానాలగదిలో ఇనపపీపాకు లావుపాటి కాయిల్ బిగించిన నాటుబాయిలర్ ఒకటి పొద్దస్తమానం కుతకుతలాడుతుండేది. దానికి కరెంటు మీటరును తప్పించి దొంగదారిన వచ్చేది.

ఆయన భార్య షాహమాల్ ఊరుకునే మనిషా? "ఊరందరికీ సుద్దులు చెప్తావు. ఇంట్లో ఈ రాకాసిని ఎవరాపాలి? నేను వెళ్లి మైకులో చెప్పనా?"

"నా ఒక్కడి దానివల్ల కొంపేం మునిగిపోదు. నమాజుకు వేణ్ణీళ్లు వద్దూ? మెల్లగా మాట్లాడు, బయటికి వినపడుతుంది."

ఒకరోజు పొద్దున్నే దేద్ కోడలు హనీఫా చెప్పులైనా లేకుండా మంచులో పరిగెత్తుకొచ్చింది. "సమద్ కాకా, వోల్టేజీ పడిపోయింది! మిషను కీచుమంటోంది, ఒకసారి మైకులో చెప్పు, నీకు పుణ్యముంటుంది!"

సమద్ జూ ఉన్నపళంగా బయల్దేరాడు. గుమ్మం దాటుతూ బాయిలర్ సంగతి గుర్తొచ్చింది. వెనక్కి వెళ్లి ఒక్క మీట నొక్కితే సరిపోయేది. వచ్చాక ఆపొచ్చులే అనుకున్నాడు! మైకు ముందు నిలబడి "దేవుడికి భయపడండి" అంటుండగానే వీధి మొగలో ట్రాన్స్‌ఫార్మర్ ఢామ్మని పేలింది. మైకూ మూగబోయింది, మిషనూ మూగబోయింది.

దేద్‌ను కంబళిలో చుట్టి, భుజాల మీద వేసుకుని ఆసుపత్రికి మోశారు. పెదాలు నీలంగా మారిపోయాయి. ఒక కొస సమద్ జూ కూడా పట్టుకున్నాడు. ఆవిడ గాలి కోసం పడే పాటు దారంతా ఆయన చెవి పక్కనే వినపడింది.

దేద్ బతికింది. అది వేరే సంగతి. ఆ సాయంత్రం నేరస్థుడు కావాలి కదా, కుర్రకారంతా మంగలి ముస్తకీమ్ మీద పడ్డారు. బీహార్ నుంచి వచ్చి ఒక్క గది అద్దెకు తీసుకున్న మనిషి. గడ్డం నీళ్లు కాచుకునే చిన్న హీటరును బయటికి లాగి మంచులో గిరాటేశారు.

"చాచా, మీరైనా చెప్పండి," అన్నాడు ముస్తకీమ్. "గ్లాసుడు నీళ్లు కాగడానికే అరగంట పడుతుంది దీనికి. ఇది ట్రాన్స్‌ఫార్మర్‌ని పేలుస్తుందా?"

పెద్దలంతా సమద్ జూ వంక చూశారు. ఆయన తల వంచుకుని, "ఇకమీదట జాగ్రత్తగా ఉండు నాయనా," అన్నాడు. ఛీ! ఆ మాట అన్నాక తన నోరు తనకే రోత పుట్టింది. ఇంటికెళ్లి బాయిలర్ తీగ పీకి, పీపాను అటకెక్కించాడు. నిజం మాత్రం చెప్పలేకపోయాడు.

కొత్త ట్రాన్స్‌ఫార్మర్ వచ్చింది. దేద్ ఇల్లు చేరింది. మళ్లీ మంచు పడింది. సమద్ జూ కంబళి కప్పుకుని ముడుచుకుని కూర్చునుంటే హనీఫా వచ్చి ఒళ్లు కాచుకునే ఓ కాంగ్డీ కుంపటి ముందు పెట్టింది. బుట్టలో నిప్పులు ఇంకా ఎర్రగా ఉన్నాయి.

"దేద్ పంపింది, కాకా. తన కాంగ్డీయే."

"ఆవిడకు లేకుండా నాకెందుకమ్మా?"

హనీఫా చూపు తిప్పుకుంది. "నీ స్నానాలగది పైన రేకుల మీద మంచు ఎప్పుడూ నిలిచేది కాదు కదా. దేద్ పడుకుంటే కనపడేది ఆ కప్పే. 'మా సమద్ వెచ్చగా ఉన్నాడు' అని రోజూ చూసి మురిసిపోయేది. ఇప్పుడు మంచు కుప్పగా పేరుకుంది. 'వాడి పొయ్యి చల్లారినట్టుంది, చలికి చస్తాడు, ఇది ఇచ్చిరా' అని ఒకటే గోల."

సమద్ జూ "ఇంకెవరికి తెలుసు?" అన్నాడు.

"వీధిలో కప్పు కనపడనిదెవరికి కాకా? ఆరోజు నువ్వే నోరు విప్పుతావని అందరూ చూశారు. నువ్వు విప్పలేదు. మేమూ విప్పలేదు. పరాయివాడు దొరికాడు కదా అని ఊరుకున్నాం. మాకు మాత్రం సిగ్గుందా?"

సమద్ జూ లేచాడు. కాంగ్డీని ఫెరన్ లోపల పెట్టుకుని మసీదుకు నడిచాడు. తలెత్తి ఏ కప్పు వంకా చూడలేదు. మైకు పెట్టాడు. వీధంతా అదరగొట్టే ఆ గొంతు ఎంత సన్నగా వచ్చిందంటే, జనం కిటికీలు తెరిచి చెవులొగ్గాల్సి వచ్చింది.

"నేను, సమద్ జూను. ముస్తకీమ్ తప్పేమీ లేదు. దేద్ ఊపిరి ఆపింది నా బాయిలరే." ఫెరన్ పైనుంచే కాంగ్డీని తడుముకున్నాడు. "దేద్, కాంగ్డీ తెచ్చిచ్చేస్తాను. ఇంక పంపకు. నీ మీద ఒట్టు, నాకు చలిగా లేదు."