అమ్మగారి షెడ్డులో తాలు కాయలు

పాస్టరమ్మగారు పోయారన్న కబురు మాకు తాడేపల్లిలో అందింది. సాయంత్రం ప్రోగ్రాం కోసం నేనూ ప్రవీణూ స్టేజీ మీద స్పీకర్లు సరిచూసుకుంటున్నాం. ఫోన్ చేసింది పాస్టరుగారే. "అమ్మాయ్, మీ అమ్మగారు ప్రభువునందు నిద్రించారమ్మా" అని, "కరీంకి కూడా మీరే చెప్పండి" అన్నారు. మొదటి మాటకు ఏడుపొచ్చింది. రెండో మాటకు ఏం చేయాలో తోచలేదు. కరీంతో మేం మాట్లాడి ఏడాది దాటిపోయింది.

మమ్మల్ని ఎరగనివాళ్ల కోసం కాస్త చెప్పాలి. కరీం, ప్రవీణ్, నేను కలిసి 'తాలు కాయలు' అనే పేరుతో ర్యాప్ పాటలు చేసేవాళ్లం. మాటలు వాళ్లిద్దరివి, చప్పుళ్లు నావి. మాది గుంటూరుకు దగ్గర్లో పత్తీ మిరపా తప్ప ఇంకోటి తెలియని పల్లె. పత్తి మిల్లు రొద, పవర్ స్ప్రేయర్ గోల, కాటా మీద బస్తా పడ్డ దెబ్బ, ఇలాంటివన్నీ ఫోన్లో పట్టుకొచ్చి, ముక్కలు చేసి, నాకు నచ్చినట్టు అతికించేదాన్ని. "ఇది పాటా, మోటారు రిపేరా?" అని ఊళ్లో అడిగేవాళ్లు. తాలు కాయలంటే రంగు చెడి తెల్లబడ్డ మిరపకాయలు, ఏరి పక్కన పడేసేవి. ఊరు మమ్మల్ని ఎగతాళికి పిలిచిన ఆ పేరునే మేం పెట్టేసుకున్నాం. అమ్మగారు విని, "పెట్టుకోండి. మిర్చి యార్డులో తాలుకు కూడా బేరగాళ్లుంటార్లే" అన్నారు.

చర్చిలో అందరూ పాస్టరుగారిని అయ్యగారని, ఆవిణ్ణి అమ్మగారని పిలుస్తారు. సన్నటి మనిషి. గొంతు మాత్రం ఊరవతల చేలో ఉన్నవాళ్లను కూడా నిలబెట్టేది. ప్రార్థన చేసేటప్పుడు ఒక కన్ను మూసి ఒక కన్ను తెరిచి ఉంచేవారు, పొయ్యి మీద పాలున్నాయని. ఎవరైనా నవ్వితే, "దేవుడు రెండు కళ్లూ మూయమని ఎక్కడన్నాడే? పాలు పొంగితే ఆయనొచ్చి తుడుస్తాడా?" అనేవారు.

మేం మొదటిసారి ఆవిడ దగ్గరికి వెళ్లింది మైకు కోసం. వారం మధ్యలో చర్చి ఖాళీగా ఉంటుంది కాబట్టి ఒక మధ్యాహ్నం వాడుకుంటామని అడిగాం. ఏం పాడతారో వినిపించమన్నారు. మా మొదటి పాట చాలా భయంకరంగా ఉండేది. అందులో తుపాకులున్నాయి, నల్లటి కార్లున్నాయి, శత్రువులున్నారు. కరీం చేతులూపుతూ అంతా చెప్పేసి, చెమట తుడుచుకుని నిలబడ్డాడు.

"నీకు తుపాకీ ఉందా నాయనా?" అని అడిగారు అమ్మగారు, నిజంగానే తెలుసుకోవాలన్నట్టు.

"లేదండి అమ్మగారూ."

"కారు?"

"నాన్నకు స్కూటరుందండి."

"మరి ఆ నల్ల కారెందుకెక్కావురా? దిగు. దిగి స్కూటరెక్కు, ఎటు పోతావో చూద్దాం."

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పే ఆనవాయితీ ఉంది. ఎవరి బతుకులో జరిగింది వాళ్లు లేచి చెప్పాలి. చాలామంది లేవగానే పెద్దపెద్ద మాటలతో స్తుతులు మొదలుపెడతారు. అమ్మగారు కాసేపు ఓపిక పట్టి, "అది మాకు తెలుసమ్మా, తెలియంది చెప్పు" అనేవారు. అంతే, ఆ మనిషి తడబడి, కళ్లజోడు పోయిన సంగతో, కొడుకు మాట్లాడని సంగతో చెప్పేది. అప్పుడు చర్చి మొత్తం వినేది. మా పాటలకూ ఆవిడ అదే పరీక్ష పెట్టారు. ఏ పాటైనా ముందు ఆవిడకు సాక్ష్యంగా మామూలు మాటల్లో చెప్పాలి. ఆవిడకు అప్పటికే తెలిసిన సంగతైతే ఆ పాట లేనట్టే. ప్రాస ఎంత బాగా కుదిరినా ఒప్పుకునేవారు కాదు. మేం విసుక్కునేవాళ్లం, పళ్లు నూరేవాళ్లం, మళ్లీ రాసేవాళ్లం.

అలా కష్టపడి ప్రవీణ్ చెప్పిన మొదటి సాక్ష్యం వాళ్లమ్మ గురించి. మిరపకాయలు ఏరొచ్చిన రోజు ఆవిడ చేతులు మండుతుండేవి. ఆ చేతులు పిల్లాడి కంటికి తగులుతాయని, ప్రవీణ్ చంటి తమ్ముణ్ణి మోచేతుల మధ్య ఇరికించి ఎత్తుకునేది. ప్రవీణ్ చెప్పడం అయ్యాక అమ్మగారు, "ఇది పాడండి" అన్నారు.

రికార్డు చేయడానికి చోటు కూడా ఆవిడే చూపించారు. చర్చి వెనక ఒక రేకుల షెడ్డు ఉంది. సంఘంలోని ఒక రైతు కోల్డ్ స్టోరేజీలో చోటు దొరికేదాకా ఎండు మిరప బస్తాలు అందులో వేసుకునేవాడు, అప్పుడప్పుడు కూలి ఆడవాళ్లు అక్కడే కూర్చుని కాయల తొడిమలు తీసేవాళ్లు. నాలుగు గోడల వెంటా బస్తాలే. లోపల మాట్లాడితే మాట మోగదు, మెత్తగా, మనిషి చెవి పక్కనే ఉన్నట్టు వినపడుతుంది. మంచి స్టూడియో గదులకూ అలాగే గోడలంతా మెత్తలు అంటిస్తారని కరీం ఎక్కడో చూశాడు. మాకు దేవుడు బస్తాలిచ్చాడని తెగ సంబరపడ్డాం. ఆ బస్తాల్లో ఏముందో సంబరంలో మర్చిపోయాం.

ప్రవీణ్ మొదటి చరణం సగానికి రాగానే దగ్గు. వాడి దగ్గుకు కరీం తుమ్ము. నేను ఫోను పట్టుకుని కళ్ల నీళ్లతో బయటికి పరుగు. అమ్మగారు గుమ్మం బయట స్టూలు వేసుకుని, మజ్జిగ చెంబు, బెల్లం ముక్కలు పెట్టుకుని కూర్చున్నారు. ముందే తెలుసు ఆవిడకు. "ఘాటు నషాళానికంటే లోపు చెప్పాల్సింది చెప్పి బయటపడండి. ఎక్కువ చెప్పబాకండి" అన్నారు. మేమలాగే చేశాం. లోపలికి వెళ్లడం, ఊపిరి ఉన్నంతవరకు చెప్పడం, దగ్గుతూ బయటికి రావడం. మా పాటల్లో వాక్యాలు పొట్టిగా ఉంటాయని, మధ్యలో తెగిపోతాయని, అది గొప్ప ప్రయోగమని తర్వాత ఎవరెవరో ఇంటర్నెట్‌లో రాశారు. ప్రయోగమూ లేదు, పాడూ లేదు. మిరపకాయల కోరుకు వచ్చే దగ్గు, అంతే.

వాళ్లమ్మ మీద చేసిన ఆ పాట చివర్లో ప్రవీణ్ మొండిగా దగ్గుతూనే ఇంకో నాలుగు మాటలు చెప్పబోయాడు. అమ్మగారు తలుపు తోసి, "చాలు, బయటికి రండర్రా! పాట కోసం చస్తారా?" అని కేకేశారు. అది రికార్డయిపోయింది. నేను తీసేయబోతే కరీమే ఆపాడు. "ఉంచు. పాటంతా కలిపి ఆ ఒక్క మాటే బాగుంది" అన్నాడు. ఉంచాం. ఆ పాట ఫోన్ల నుంచి ఫోన్లకు పాకింది, షేర్ ఆటోల్లోకి, కాలేజీ హాస్టళ్లలోకి వెళ్లింది. తర్వాత మేం ఎక్కడ పాడినా జనం మాకంటే ముందే ఆ కేక అందుకునేవాళ్లు. అద్దంకిలో పాడినప్పుడు అమ్మగారిని బలవంతంగా ముందు వరుసలో కూర్చోబెట్టాం. మైదానమంతా ఒక్కసారి "చాలు, బయటికి రండర్రా!" అని అరిచేసరికి ఆవిడ కొంగు మొహం మీదికి లాక్కున్నారు. తిరిగొచ్చేటప్పుడు దారంతా, "నా గొంతు అంత కటువుగా ఉంటుందటే? అయ్యగారు ఇన్నేళ్లూ ఎట్టా భరించారో పాపం" అని బాధపడ్డారు. వెనక సీట్లో అయ్యగారు కిటికీలోంచి బయటికి చూస్తున్నారు.

మా పాటలు విని హైదరాబాదు నుంచి ఒక కంపెనీ మనిషి వచ్చాడు. పెద్ద స్టూడియోలో అన్నీ మళ్లీ రికార్డు చేద్దామన్నాడు. అన్నీ బాగున్నాయి, ఆ దగ్గులు, ఆ ముసలావిడ అరుపు మాత్రం వద్దన్నాడు. ప్రవీణ్ లేచి వెళ్లిపోయాడు. కరీం వాడి వెనకాలే వెళ్లి, "ఎన్నాళ్లు దగ్గుదాంరా? ఒక్కసారి మంచి గదిలో పాడి చూద్దాం" అన్నాడు. "పో, పోయి ఏసీలో పాడుకో. ఇంకెప్పుడూ ఇటు రాబాకు" అన్నాడు ప్రవీణ్. నాకు ఇద్దరిదీ న్యాయమే అనిపించింది. పరుగున వెళ్లి అమ్మగారికి చెప్పాను. చేట కింద పెట్టి, "నా అరుపు తీసేసుకోండి, నాకేం నొప్పే? మనిషిని తీసేయబాకండి" అన్నారు. ఆ మాట చెబుదామని నేను బయటికొచ్చేసరికి కరీం బస్సెక్కేశాడు.

ఆ తర్వాత మా గ్రూపు పేరుకే గ్రూపు. కనిగిరిలో ఇద్దరమే పాడాం. కరీం భాగం కూడా ప్రవీణే చెప్పబోయి ఆయాసపడ్డాడు. జనం జాలిపడి చప్పట్లు కొట్టారు. కంపెనీ వాళ్లు కరీంతో ఒక పాట విడుదల చేశారు. శుభ్రంగా ఉంది. విన్నాక గుర్తుండలేదు.

అమ్మగారు మాత్రం ఆదివారం ప్రార్థనలో మా ముగ్గురి పేర్లూ వరసగా, పైకి, అందరికీ వినపడేలా చెప్పేవారు. ప్రవీణ్ తల దించుకునేవాడు. ఒకసారి సంఘ పెద్ద ఒకాయన ఆరాధన అయ్యాక మెల్లగా, "అమ్మగారూ, ఆ కరీం అబ్బాయి మన సంఘం కాదు కదండీ" అన్నాడు.

"మన షెడ్డులో దగ్గాడు కదండీ" అన్నారు అమ్మగారు.

నేను గిన్నెలు కడిగే నెపంతో వెనక్కి వెళ్లి పకపకా నవ్వాను. నవ్వుతూ నవ్వుతూ ఏడ్చాను.

ఈ ఏడు ఆవిడకు గుండె బలహీనపడింది. గుంటూరు ఆసుపత్రి నుంచి ఇంటికొచ్చాక చూడటానికి వెళ్తే, కొత్తగా ఏం చేస్తున్నావో వినిపించమన్నారు. ఫోను చెవి దగ్గర పెట్టాను. విని, "మధ్యలో ఖాళీ ఉందేందే?" అన్నారు. అది కరీం చోటని చెప్పాను. "అట్టాగే ఉంచు, పూడ్చబాకు" అని, పక్కకు తిరిగి పడుకున్నారు. ఆవిడ నాతో అన్న చివరి మాట అది.

తాడేపల్లి నుంచి కరీంకి నేనే ఫోన్ చేశాను. విషయం చెప్పాను. "మొన్న శనివారం ఫోన్ రాలేదు. అప్పుడే అనుకున్నా" అన్నాడు. ఆ మాట నాకు అర్థం కాలేదు. అడిగేలోపు పెట్టేశాడు. పక్కనే ఉన్న ప్రవీణ్, "వస్తానన్నాడా?" అని అడిగాడు. వాడు కరీం గురించి నోరు తెరిచి అడగడం అదే మొదలు. ఏమీ చెప్పలేదన్నాను.

సమాధి కార్యక్రమానికి కరీం రాలేదు. తర్వాత పెట్టిన ఆదరణ కూడికకు వచ్చాడు. చర్చి నిండిపోయింది. వాడు చివర్లో, చెప్పులు విడిచిన చోట నిలబడ్డాడు. ప్రవీణ్ చూసి, చూడనట్టు ముందుకు తిరిగాడు. అమ్మగారిని తలుచుకుని ఒక్కొక్కరే మాట్లాడుతున్నారు. అయ్యగారు కళ్లద్దాలు సవరించుకుని, "కరీం, నువ్వూ రా నాయనా" అన్నారు. వాడి చేతికి మైకు ఇచ్చింది ఆ సంఘ పెద్దే.

కరీం పాడలేదు. "అమ్మగారు నాకు శనివారం శనివారం ఫోన్ చేసేవారండి" అన్నాడు. "తిరిగి రమ్మని ఒక్కసారి కూడా అనలేదు. ఫోను తీసుకెళ్లి షెడ్డులో తొడిమలు తీసే ఆడోళ్ల మధ్యలో పెట్టేసి, ఆవిడ పనికి ఆవిడ పోయేవారు. వాళ్లు నన్ను తిట్టేవాళ్లు, ఆటపట్టించేవాళ్లు, కాసేపటికి నా సంగతే మర్చిపోయి వాళ్ల మాటలు వాళ్లు మాట్లాడుకునేవాళ్లు. నేను వింటూ కూర్చునేవాణ్ణి. హైదరాబాదులో ఆ గదిలో నాకింకేం తోచేది కాదు. అంతేనండి." మైకు తిరిగిచ్చేసి, వెనక్కి వెళ్లబోయాడు. ప్రవీణ్ బెంచీ మీద పక్కకు జరిగాడు. కరీం కూర్చున్నాడు. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

కూడిక ముగుస్తుందనగా బయట అలికిడి అయింది. తొడిమలు తీసే ఆడవాళ్లు పని దగ్గర్నుంచి అలాగే వచ్చేశారు. చీరల మీద మగవాళ్ల చొక్కాలు, తలకు గుడ్డలు. ఒళ్లంతా మిరప దుమ్ము, లోపలికొస్తే అందరూ దగ్గుతారని గుమ్మం దాటడం లేదు. వాళ్లలో పెద్దావిడ, "అయ్యగారూ, మేం కూడా ఒక మాట చెప్పుకుంటాం" అంది. అయ్యగారు మైకు పట్టుకుని బయటికి నడిచారు. స్పీకరు బాక్సు కూడా కావాలి కదా. నేనూ ప్రవీణూ లేచి చెరో పక్క పట్టుకున్నాం. పాత బాక్సు, ఇద్దరి వల్ల కాని బరువు. కరీం వచ్చి వెనక పట్టు పట్టాడు. మెట్ల దాకా తెచ్చేసరికి వైరు అయిపోయింది. కింద పెడితే ప్లగ్గు ఊడిపోతుంది.

"దించబాకండి, దించబాకండి" అంది పెద్దావిడ, మైకు అందుకుంటూ. గొంతు సవరించుకుని, ఆరేళ్ల పిల్లగా ఉన్నప్పుడు అమ్మగారు తనను మొదటిసారి చూసిన సంగతి దగ్గర్నుంచి మొదలుపెట్టింది. చాలా పొడుగు సాక్ష్యం. ఆవిడ వెనక ఇంకా చాలామంది వరసలో నిలబడి ఉన్నారు. మేం ముగ్గురం బాక్సు ఎత్తి పట్టుకుని వింటున్నాం. చేతులు లాగుతున్నాయి. ప్రవీణ్ చెయ్యి జారబోతే కరీం ఇంకాస్త కిందికి పట్టు మార్చుకుని, బరువు తన వైపుకు తీసుకున్నాడు.