వంద కిలోల లాకూ, నా చూపుడు వేలూ

మా అక్క మొగుడికి గుడివాడలో హార్డ్‌వేర్ షాపుంది. మేకుల దగ్గర్నుంచి మోటార్ల దాకా అన్నీ అమ్ముతాడు. అమ్మేటప్పుడు మాత్రం అన్నీ తనే కనిపెట్టినట్టు మాట్లాడతాడు. ఈమధ్య మడత కత్తులు తెప్పించాడు. బ్లేడు తెరిస్తే టిక్కుమని లాక్ పడుతుంది, మళ్ళీ నొక్కితే గానీ మూసుకోదు. డబ్బా మీద ఇంతింత అక్షరాలతో రాశారు: లాక్ బలం వంద కిలోలు.

ఆ వంద కిలోలు ఎవరు తూచారో, ఎలా తూచారో ఎక్కడా లేదు. నేనడిగితే మా బావ నన్ను జాలిగా చూశాడు. పామిడిముక్కల నుంచి వచ్చిన ఒక రైతుగారు మాత్రం, లాకంటున్నారు కదా, తాళంచెవి ఏదండీ అని అడిగారు. ఆ డబ్బా చదివినవాళ్ళలో కాస్త బుర్ర పెట్టినవాడు ఆయనొక్కడే అని నా అభిప్రాయం.

మా వైపు బలమంటే బస్తాయే. మా బావ బ్లేడుని బల్లకున్న ఇనప పట్టులో, అదే వైస్‌లో బిగించి, మడతపడే వైపుకి లాగేలా పిడికి తాడు కట్టి, డెబ్బై అయిదు కిలోల ధాన్యం బస్తా, దానికి తోడు పాతిక కిలోల బియ్యం సంచి వేలాడదీశాడు. లాక్ కదల్లేదు. అదంతా ఫోన్లో తీశాడు. పక్క షాపుల వాళ్ళు చప్పట్లు కొట్టారు. అక్కడితో ఆగితే మా బావ ఎందుకవుతాడు.

బస్తాలు చూపిస్తే జనం కంటికి ఆనదట, మనిషి కనపడాలట. తెరిచిన కత్తి పిడి గాడిలో, అంటే మూసినప్పుడు బ్లేడు వచ్చి పడేచోట, నేను వేలు పెట్టాలి. తను బ్లేడు వీపుని, ఆ పదునులేని వైపుని, బల్లకేసి తడతాడు. లాక్ ఊడదు. ఆ రీలు ఊరంతా తిరుగుతుంది. నా వేలే ఎందుకంటే, షాపులో పనివాళ్ళకి వేళ్ళతో పనుందట.

నాకు లేదు కాబోలు. నేను తబలా వాయిస్తాను. ఆదివారాలు గూడూరు చర్చిలో, మిగతా రోజులు బందర్లో పిల్లలకి పాఠాలు. పై వారం దివిసీమలో సువార్త సభలకి ఒప్పుకున్నాను. కుడిచేతి చూపుడు వేలు పోతే ఇక కూర్చుని పాటలు వినాల్సిందే. నాకు భయమేసింది, దాచుకోలేదు కూడా. నీ వేలు పెట్టు బావా అన్నాను. తను కత్తి పట్టుకోవాలట. ఆదివారం ఆదివారం చర్చికెళ్తావు, నీకు విశ్వాసం లేదా అన్నాడు. ఉంది, డబ్బా మీద కాదని చెప్పాను.

షాపు వెనకే ఇల్లు. అక్క పులుసులోకి బెండకాయలు కోస్తోంది. ఒక లేత కాయ పట్టుకొచ్చి గాడిలో పెట్టాను. "దీన్ని లేడీస్ ఫింగరంటారుగా బావా, వేలు కిందకే వస్తుంది, సర్దుకో," అన్నాను. విసుక్కుంటూనే ఫోన్ ఆన్ చేసి, బ్లేడు వీపుని బల్ల అంచుకేసి ఒక్కసారి తట్టాడు. గట్టిగా కూడా కాదు.

టిక్కుమంది. బెండకాయ రెండు ముక్కలై బల్ల మీద దొర్లింది.

బస్తా ఊరికే వేలాడుతుంది. చేతిలో కత్తి అలా ఉండదు, దెబ్బ తగులుతుంది, మెలిపడుతుంది. డబ్బా మీద రాసింది అబద్ధమని కూడా అనలేం, మేం వేలాడదీసినంతసేపూ నిజమే. నేనిదంతా చెబుతున్నాను గానీ మా బావ వినడం లేదు. ఆ ముక్కల వైపు చూశాడు, నా చేతి వైపు చూశాడు. మొహంలో నెత్తుటి చుక్క లేదు. నా కుడిచెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు. నాకు నవ్వొచ్చింది, కళ్ళల్లో నీళ్ళూ వచ్చాయి.

అక్క ఆ ముక్కలు కడిగి పులుసులో వేసింది.

బస్తాల వీడియో మాత్రం అప్పటికే వాట్సాప్‌లో ఊళ్ళు తిరిగేసింది. భోంచేస్తుంటే పెడన నుంచి ఎవరో ఫోన్ చేశారు. ఆ కత్తి లాక్ నిజంగా వంద కిలోలు ఆపుతుందాండీ అని అడుగుతున్నారు. మా బావ కలుపుతున్న ముద్ద వదిలేశాడు.

"కిలోల సంగతి నాకు తెలీదండీ. అవి అమ్మడం మానేశాను. మా బావమరిదికి వేళ్ళు పదీ ఉన్నాయి, నాకంతే చాలు."