మూడు కాళ్ల మేక

తార్నాకలో మేముండే సందు చివర ఒక టిఫిన్ హోటల్ ఉంది. దాని గోడకు ఫ్రేము కట్టిన చేర్యాల పద్ధతి పటం బొమ్మ ఒకటి వేలాడేది. తాటిచెట్టు ఎక్కుతున్న గీత కార్మికుడు, కింద కుండ పట్టుకుని పైకి చూస్తున్న అతని భార్య, పక్కన ఒక మేక. మేకకు మూడే కాళ్లు. యూనివర్సిటీలో పాఠాలు చెప్పేవాణ్ణి కదా, వెంట వచ్చిన వాళ్లందరికీ ఆ మేకను చూపించి, "కళాకారుడి స్వేచ్ఛ అంటే ఇదీ" అనేవాణ్ణి. దాదాపు ఏడాది ఆ బొమ్మ కిందే ఇడ్లీ తిన్నాను.

మొన్న చలికాలంలో మా యూనివర్సిటీ వరండాలో చేతివృత్తుల ప్రదర్శన పెట్టారు. చివరి బల్ల వెనక నలభై ఏళ్లావిడ బొమ్మలు పరుచుకుని కూర్చుంది. వాటిలో అదే చెట్టు, అదే కుండ కనబడ్డాయి. రంగులు మాత్రం వెలిసినట్టున్నాయి, మేకకు నాలుగు కాళ్లున్నాయి. హోటల్లోదాన్ని ఎవరో ఫోన్లో ఫొటో తీసిస్తే ఈమె చూసి దించిందనీ, మేక కాలు తప్పనుకుని దిద్దిందనీ అప్పటికప్పుడే తేల్చేసుకున్నాను.

"ఇది ఎవరు గీశారక్కా?"

"నేనే గీసిన సార్."

"దేన్నన్నా చూసి గీశారా?"

"చూసుడేంది సార్? చిన్నప్పటిసంది మా నాయిన పక్కన కూసోని నేర్చుకున్న."

ఆమె ఇంకెవరికో బొమ్మ చూపించడానికి అటు తిరిగింది. నేను బొటనవేలు నాలుకకు అద్దుకుని బొమ్మ మీద రుద్దాను. వేలికి రంగంటింది. దొంగ దొరికినంత సంబరంగా, "రంగు పోతోందేంటక్కా?" అని వేలు చూపించాను.

ఆమె నా వేలు చూడలేదు. బొమ్మ చూసింది. కుండ పట్టుకున్న భార్య ముఖం సగం చెరిగిపోయింది.

"తడి చేత్తోని ముట్టిండ్రా? మట్టి రంగులు సార్. మీద పూత ఇంక వెయ్యలే. నీళ్లకు పోనిది కావాల్నంటె అచ్చేసింది కొనుక్కోవాలె."

అప్పటికీ నాకు నమ్మకం కుదరలేదు. హోటల్ బొమ్మ సంగతి చెప్పాను. మూడు కాళ్ల మాట వినగానే ఆమె లేచి నిలబడింది.

"గా బొమ్మ నాకు చూపెట్టుండ్రి."

బల్లను పక్కావిడకు అప్పగించి నాతో ఆటో ఎక్కింది. హోటల్లో మునివేళ్ల మీద నిలబడి చాలాసేపు చూసింది.

"గిది నాదే. మా బిడ్డ ఏడుస్తుంటె నడుమల లేచిపోయిన. మల్ల చూసుకోకుంటనే అమ్మిన. కాలు మర్చిపోయిన సార్."

తర్వాత అద్దానికి ముఖం ఆనించి నన్ను పిలిచింది. దగ్గర్నుంచి చూస్తే రంగంతా చిన్న చిన్న చుక్కలు. ఆమె అమ్మినదానికి ఎవరో తీసిన అచ్చు.

గల్లా దగ్గరున్న యజమాని తేలిగ్గా అన్నాడు: "ఆన్‌లైన్ల తెప్పించిన మేడం. ఇసొంటివి బోలెడున్నయ్. ఎవరు గీసిండ్రో నాకేం ఎరుక?"

అతని ముఖంలో అబద్ధం కోసం వెతికాను. దొరకలేదు. ఆమె పోట్లాడలేదు కూడా.

"మేకను చూసి ఎవరన్న నవ్విన్రా?" అని మాత్రం అడిగింది.

"నవ్వుడేంది? గీ సారు వచ్చినోళ్లందరికి చూపిస్తడు గద!"

ఆమె నావైపు తిరిగింది. ఎక్కడ చూడాలో తెలియక నేను టేబుళ్ల వైపు చూశాను.

చెరిగిన బొమ్మను కొంటానన్నాను. ఒప్పుకోలేదు. "సగం ముఖంతోని నా బొమ్మ ఎవరింట్లకు పోవద్దు. దిద్దినంక రాండ్రి" అంది.

పది రోజుల తర్వాత గోల్నాకలో వాళ్లింటికి వెళ్లాను. ముఖం మళ్లీ గీసింది. కానీ భార్య ఇప్పుడు చెట్టు వైపు చూడడం లేదు. బొమ్మలోంచి బయటికి, సూటిగా, చూసేవాడి వైపు చూస్తోంది.

"ఇలా మార్చారేంటక్కా?"

"అప్పుడట్ల వచ్చింది, ఇప్పుడిట్ల వచ్చింది" అంటూ బొమ్మను చుట్టి చేతికిచ్చింది.

ఆ చూపు నా కోసమే పెట్టిందేమోనని నాకింకా అనుమానమే. అడగలేదు.